ఇరవై నాలుగూ పనిచేయుచున్నవి

ఉద్యోగంలో ఆఖరి రోజైన ఆ సోమవారం ఉదయం అతుకుల మాస్టారి పథకం చాలా చిన్నది. పదింటికి తనిఖీ అధికారి వస్తాడు. ల్యాబ్‌లోని ఇరవై నాలుగు మైక్రోస్కోపులూ చూసి సంతకం పెడతాడు. పదకొండింటికి ప్రిన్సిపాల్ మేడమ్ రిలీవింగ్ ఆర్డరు చేతికిస్తుంది. పన్నెండుకల్లా ఇల్లు చేరి, కడుపునిండా భోంచేసి, చొక్కా విప్పి, ఫ్యాను కింద పడుకుని సాయంత్రం దాకా లేవకూడదు. పనిరోజున మధ్యాహ్నం కునుకు తీయడమన్నది ముప్పై నాలుగేళ్ళుగా ఆయన ఎరగడు.

"మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంచు," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"పరుస్తాను గానీ, ముందు ఆ కాగితం చేతికి రానివ్వండి. ఫిజిక్స్ ల్యాబ్ ఆయన సంగతి మర్చిపోయారా?" అంది భార్య.

ఎలా మర్చిపోతాడు? ఫిజిక్స్ ల్యాబ్ ఆయన ఆఖరి రోజున ఒక థర్మామీటరు తక్కువ వచ్చింది. అది దొరికేదాకా ఆయన్ని విడుదల చేయలేదు. పని లేదు, కుర్చీ లేదు. రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుని సాయంత్రం వెళ్ళేవాడు. అలా ఎనిమిది నెలలు. చివరికి థర్మామీటరు దొరికింది గానీ, అప్పటికి దాన్ని ఆయన నోట్లోనే పెట్టి చూడాల్సిన పరిస్థితి వచ్చింది.

మన మాస్టారు నిజానికి మాస్టారు కాదు, జీవశాస్త్రం ల్యాబ్‌లో అసిస్టెంటు. పాఠం చెప్పేది వేరేవాళ్ళు. ఆ పాఠంలోని అమీబాను పిల్లలకు కనిపించేట్టు చేసేది ఈయన. అందుకు ఆయన పడే పాట్లు చూసే పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆ మైక్రోస్కోపులు తయారుచేసిన కంపెనీ మూతపడి పద్దెనిమిదేళ్ళయింది. విడిభాగాల కోసం ఆయన రాసిన మొదటి ఉత్తరానికి "స్టాకు లేదు" అని జవాబొచ్చింది. రెండో దానికి "ఆ మోడల్ ఆపేశాం" అని వచ్చింది. మూడోసారి ఆయన రాసిన ఉత్తరమే తిరిగొచ్చింది. ఆ చిరునామాలో ఇప్పుడు పరుపుల దుకాణం ఉందట. వేరే కంపెనీ స్క్రూ వీటికి పట్టదు, వీటి లెన్సు వేరేవాటికి కూర్చోదు.

అప్పటినుంచి ఆయన ఆరింటిని చంపి పద్దెనిమిదింటిని బతికించాడు. ఒకదానిలో గొట్టాన్ని పైకీ కిందికీ నడిపే పళ్ళపట్టీ పైభాగంలో అరిగితే, కిందిభాగంలో అరిగినదాని గొట్టం తెచ్చి దానికి కలిపాడు. పెళ్ళిసంబంధాలు చూసినట్టు ఓపిగ్గా చూసి, ఎవరితో ఎవరికి పొసగుతుందో కుదిర్చి, పద్దెనిమిది కాపురాలు నిలబెట్టాడు. అప్పటికీ మిగిలిన సందుల్లో సొంత సరుకు కుక్కాడు. జారిపోయే గొట్టానికి సైకిలు ట్యూబు ముక్క, వదులైన లెన్సుకు కేలండరు అట్ట, ఊగిపోయే అద్దానికి కుట్టుదారం. స్లైడును పట్టి ఉంచే క్లిప్పులు విరిగినచోట భార్య జడపిన్నులు.

రికార్డులో మాత్రం ఇరవై నాలుగూ "పనిచేయుచున్నవి". అలా రాసిందీ ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, లోకజ్ఞానం లేక, ఒకదాని పక్కన "పనిచేయుట లేదు" అని నిజం రాశాడు. వారం తిరక్కుండా మెమో వచ్చింది. ఎవరు పాడుచేశారు? ఎందుకు పాడుచేశారు? ఆ సమయంలో మీరెక్కడున్నారు? మూడు నెలల పాటు సంజాయిషీలు రాసుకున్నాక, యంత్రాన్ని బాగుచేయడం కన్నా వాక్యాన్ని బాగుచేయడం తేలికని తెలిసొచ్చింది. ఏటా ఆయన రాశాడు, ఏటా ఆఫీసు నమ్మింది. అన్నీ పనిచేస్తుంటే కొత్తవి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. ఆ పాపంలో సగం తనదేనని ఆయనకు తెలుసు. తెలిసిన కొద్దీ ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

ఇక తనిఖీ సంగతి. ఎవరొచ్చినా ముందు వరసలో రెండు మూడు చూస్తారు. మిగతావాటిని ముసుగుల మీదే లెక్కపెడతారు. ఆ ఆరు శవాలూ వెనక వరసలో ముసుగులేసుకుని నిలబడి ఉంటాయి. పథకంలో లోపమేమీ లేదు. ఉన్న లోపమల్లా స్టోర్‌కీపరు. అతను మాస్టారికి స్వయానా బావమరిది.

తొమ్మిదింబావుకు మాస్టారు ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి బావమరిది స్టూలు మీద కూర్చుని, బహుమతి దాచిపెట్టుకున్నవాడిలా నవ్వుతున్నాడు.

"బావా, ఒక్కసారి కళ్ళు మూసుకోండి!"

"ఇప్పుడు ఆటలేంట్రా? పక్కకి జరుగు."

"నిన్న ఆదివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇక్కడే ఉన్నాను. అక్కకి కూడా చెప్పలేదు. మీ ఆఖరి రోజు ఏ మచ్చా రాకూడదని!"

బావమరిది చెడ్డవాడు కాదు. మంచివాడే, కాకపోతే అతనికి నంబర్లంటే ప్రాణం. ఇంట్లో కుర్చీలకు కూడా నంబర్లు వేసుకున్న మనిషి. చుట్టాలు వచ్చి మూడో కుర్చీలో కూర్చుంటే, ఒకటో దాంట్లోకి మారమంటాడు. కాలేజీలో ప్రతి మైక్రోస్కోపుకూ అడుగు దిమ్మ మీద, గొట్టం మీద, కంటి లెన్సు మీద తెల్లరంగుతో ఒకే నంబరు వేసి ఉంటుంది. ఉండాలి.

"ఘోరం బావా! ఇన్నాళ్ళూ ముసుగుల మీదే లెక్కపెట్టాను, నిన్న తీసి చూస్తే అడుగున నాలుగు, గొట్టం మీద పదకొండు, లెన్సు మీద పందొమ్మిది! ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. అధికారి చూస్తే మిమ్మల్ని వదులుతాడా? ఫిజిక్స్ ఆయన గతి పట్టేది. అందుకే ఇరవై నాలుగూ విప్పేసి, ఎవరి నంబరు వాళ్ళకి బిగించేశాను!"

మాస్టారు పక్కనున్న బల్ల పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి కుదిర్చిన పద్దెనిమిది కాపురాలనూ ఒక్క ఆదివారంలో కూల్చి, అందరినీ పుట్టిళ్ళకు పంపేశాడు వీడు.

"అంతేనా, లోపల ఎంత చెత్త పేరుకుపోయిందో! రబ్బరు ముక్కలు, అట్టలు, దారాలు, ఆడవాళ్ళ పిన్నులు కూడాను! ఈ పిల్లలకి బొత్తిగా భయం లేకుండా పోయింది. రెండు దోసిళ్ళ చెత్త తీశాను బావా."

"తీసి ఏం చేశావ్?" అన్నాడు మాస్టారు.

"శుభ్రంగా ఊడ్చి బుట్టలో పారేశాను."

బుట్ట ఖాళీగా ఉంది. ఎనిమిదింటికే తుడిచే ఆవిడ వచ్చి వెళ్ళింది.

మాస్టారు ఒకటో నంబరు ముసుగు తీసి నాబ్ తిప్పాడు. గొట్టం సర్రున జారి స్లైడు మీద కూర్చుంది. రెండోది ఎంత తిప్పినా కదల్లేదు. మూడోదాని లెన్సు ఊడి చేతిలోకి వచ్చింది. అరిగినవి అరిగినవాటితో కలిశాయి, విరిగినవి విరిగినవాటితో కలిశాయి. బతికున్న పద్దెనిమిదీ చచ్చిన ఆరింటితో సమానమయ్యాయి.

"బాగున్నాయి కదూ?" అన్నాడు బావమరిది.

మాస్టారు స్క్రూడ్రైవరు అందుకుని నాలుగో దిమ్మకు పదకొండో గొట్టం, తొమ్మిదో దిమ్మకు రెండో గొట్టం మళ్ళీ ముడిపెట్టాడు. ఏది ఎవరి జతో ఆయన వేళ్ళకు కంఠతా వచ్చు. కానీ రబ్బరు లేకుండా మూడోది నిలవలేదు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని క్యాంటీను వెనకాల చెత్తకుప్ప దగ్గరికి పరిగెత్తాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ మేడ మీది కిటికీ తెరిచే సమయానికి కింద కనపడ్డ దృశ్యం ఇది. ఇస్త్రీ చొక్కాలో అతుకుల మాస్టారు చెత్తకుప్ప ముందు గొంతుకూర్చున్నాడు. తడిసిన టీ పొడిని వేళ్ళతో కెలుకుతున్నాడు. ఒక జడపిన్ను దొరకగానే ఎండకు ఎత్తి పట్టుకుని, "వచ్చావా తల్లీ!" అంటున్నాడు.

"మాస్టారూ, అక్కడేం చేస్తున్నారు?" అని ఆవిడ పైనుంచి కేకేసింది.

"విడిభాగాలు వెతుక్కుంటున్నాను మేడమ్!" అని ఆయన ఉన్నమాటే చెప్పాడు.

మేడమ్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆఖరి రోజున మనుషులకు మతి చెదరడం ఆవిడకు కొత్త కాదు. తనకు ముందున్న ప్రిన్సిపాలు వెళ్ళేటప్పుడు కుర్చీని కావలించుకుని ఏడిస్తే నలుగురు కలిసి విడిపించారు. ఆవిడ వెంటనే మాస్టారి ఇంటికి ఫోను చేసింది. "కంగారు పడకండమ్మా. మీ ఆయన చెత్తలో కూర్చుని పిన్నులతో మాట్లాడుతున్నారు."

ఇల్లు రెండు వీధుల అవతలే. మాస్టారి భార్య బీపీ మాత్రలూ నీళ్ళసీసా పట్టుకుని, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి పక్కింటావిడ చెప్పు వేసుకుని ఆయాసపడుతూ వచ్చేసింది. మొగుణ్ణి చూసింది, ఆయన చేతిలోని పిన్నులు చూసింది.

"ఇవి నావే! ఇన్నాళ్ళూ పనిమనిషిని తిడుతూ వచ్చాను. మీరా?"

మాస్టారు రెండే ముక్కల్లో జరిగింది చెప్పాడు. ఆవిడకు ఆ రెండూ చాలు.

"వాడు మంచిగానే అనుకుని చేసుంటాడండీ."

"అదేగా నా ఖర్మ! పగతో చేసుంటే నాలుగు పాడుచేసి ఊరుకునేవాడు. ప్రేమ కాబట్టి ఇరవై నాలుగూ పాడుచేశాడు."

ఇద్దరూ కలిసి మూడు పిన్నులూ, అరచేయంత రబ్బరూ, టీ మరకలతో ఒక అట్టముక్కా ఏరుకుని ల్యాబ్‌కు పరిగెత్తారు. బావమరిది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"కంగారులో నాలుగో దాన్నీ తొమ్మిదో దాన్నీ మళ్ళీ తారుమారు చేసేశారు బావా. నేను సరిచేశానులెండి."

మాస్టారికి ఆ క్షణాన వచ్చిన మాటలు ముప్పై నాలుగేళ్ళుగా దాచుకున్నవి. భార్య అక్కడే ఉండబట్టి అవి లోపలే ఉండిపోయాయి. బయట కారు తలుపు పడిన చప్పుడైంది. అధికారి పావుగంట ముందే వచ్చేశాడు.

అధికారి కళ్ళద్దాలు సీసా అడుగులంత దళసరిగా ఉన్నాయి. చేతిలో టార్చి, చంకలో రికార్డు. వెనకే వచ్చిన మేడమ్, మాస్టారి భార్య చెవిలో, "మీరు ఆయన పక్కనే ఉండండమ్మా," అంది. అధికారి ముందు వరసతో ఆగే రకం కాదు. అన్ని ముసుగులూ తీయించాడు. అధికారి ఒకటో దాని మీదకు వంగాడు. దిమ్మ మీద టార్చి వేసి "ఒకటి" అన్నాడు. గొట్టం మీద వేసి "ఒకటి" అన్నాడు. లెన్సు మీద వేసి "ఒకటి!" అన్నాడు. రెండు. రెండు. రెండు. పదో దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులో వణుకు మొదలైంది. ఇరవై నాలుగో దాని దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్నో ల్యాబులు చూశానండీ," అన్నాడు అధికారి. "ఎక్కడికెళ్ళినా ఒకదాని తల ఇంకోదాని మొండానికి ఉంటుంది. ఇన్నేళ్ళకి ఒక్క నంబరు కూడా చెదరని ల్యాబ్ చూశాను. ఎవరండీ ఈ మహానుభావుడు?"

బావమరిది సిగ్గుపడుతూ మాస్టారి వైపు చెయ్యి చూపించాడు. వాడి మంచితనానికి అంతు లేదు.

అధికారి సంతకానికి కలం తీసి, ఏదో గుర్తొచ్చి ఆగాడు. "అన్నట్టు, ఈసారి కొత్త మైక్రోస్కోపులు పన్నెండు వచ్చాయి. పాతవి చెడిపోయిన ల్యాబ్ ఎక్కడుంటే అక్కడ ఇవ్వమన్నారు. మీకు అవసరం లేదనుకుంటా. అన్నీ పనిచేస్తున్నాయిగా?"

ముప్పై నాలుగేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఆఖరి రోజున, ఆఖరి గంటలో వచ్చింది. లేదంటే కాగితం రాదు, వరండాలో బల్ల సిద్ధంగా ఉంది. అవునంటే కొత్త దుప్పటి పిలుస్తోంది. మాస్టారు భార్య ముఖం చూశాడు. తర్వాత గొట్టాలు వాలేసుకుని నిలబడ్డ ఆ ఇరవై నాలుగింటినీ చూశాడు. తన చేత్తో ఏటా రాసిన ఆ అబద్ధం మీద ఒక్కసారిగా అసహ్యం పుట్టింది.

"లేదు సార్," అన్నాడు. "ఒక్కటి కూడా పనిచేయదు."

మేడమ్ ఒక అడుగు ముందుకేసి, అధికారి చెవిలో చెప్తున్నాననుకుంటూ అందరికీ వినపడేట్టు చెప్పింది. "పాపం, పొద్దున్నుంచీ మనసు బాగాలేదండీ. చెత్తకుప్ప దగ్గర్నుంచి పట్టుకొచ్చాం. వీటిని వదిలి వెళ్ళలేక అలా మాట్లాడుతున్నారు."

అధికారి కళ్ళు చెమర్చాయి. "ఎంత ప్రేమండీ!" అన్నాడు.

"ప్రేమ కాదు సార్, నిజం! మీరే చూడండి!" అని మాస్టారు ఆయన్ని దాదాపు మెడ పట్టుకుని ఏడో దాని మీదకు వంచాడు.

అధికారి ఒక కన్ను పెట్టి చూశాడు. రెండో కన్ను పెట్టి చూశాడు. "నాకంతా చీకటిగానే ఉంది. కానీ నా మాట లెక్కలోకి రాదులెండి. రెండు కళ్ళకీ శుక్లాలు, వచ్చే నెల ఆపరేషను. మేడమ్, మీరు చూడండి."

మేడమ్ చరిత్ర చెప్పి పైకొచ్చిన మనిషి. మైక్రోస్కోపులో ఏం కనపడాలో ఆవిడకు తెలియదు, తెలియదని అధికారి ముందు చెప్పడం బాగుండదు. వంగి చూసి, "అబ్బ! ఎంత స్పష్టంగా ఉందో!" అంది.

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా!" అని మాస్టారు బావమరిది భుజం పట్టుకుని ఊపాడు.

"సార్," అన్నాడు బావమరిది గుండె నిండా గాలి పీల్చుకుని, "ప్రతి నంబరూ నేను స్వయంగా చూశాను."

అధికారి అక్కడికక్కడే నివేదిక రాసి పైకి చదివాడు. ఇరవై నాలుగు మైక్రోస్కోపులూ అసలు భాగాలతో, కొన్ననాటి స్థితిలో పనిచేయుచున్నవి. ఈ ల్యాబ్‌కు కొత్తవి అక్కరలేదు. పన్నెండూ పక్క కాలేజీకి పోతాయి. వాళ్ళు అన్నిటినీ విరగ్గొట్టుకుని, విరిగాయని ధైర్యంగా రాసుకున్నారు. ఇంత చక్కటి ల్యాబ్ ఉండగా వేరేచోటు ఎందుకని, చుట్టుపక్కల మూడు కాలేజీల ప్రాక్టికల్ పరీక్షలు కూడా ఈ గురువారం ఇక్కడే.

"అప్పగింత తీసుకునేది ఎవరు?" అన్నాడు.

బావమరిది సొంత కలం తీసి, ఇరవై నాలుగు గళ్ళలో ఇరవై నాలుగు సంతకాలు ఒకేలా పెట్టాడు. పావు తక్కువ పదికి మొదలైన వ్యవహారం పదిన్నరకల్లా ముగిసింది. రిలీవింగ్ ఆర్డరు అనుకున్నదానికన్నా అరగంట ముందే చేతికొచ్చింది. మేడమ్ చప్పట్లు కొట్టింది. అధికారి చేయి కలిపాడు. తాను నోరు విప్పి నిజం చెబితే కొట్టిన చప్పట్లవి అనుకుంటూ మాస్టారు మెట్లు దిగాడు.

పన్నెండుకల్లా భోజనమైంది. దుప్పటి కొత్త వాసన వేస్తోంది. చొక్కా విప్పి పడుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. నిద్ర మాత్రం రాలేదు. భార్య కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"గురువారం పిల్లలొచ్చి చూస్తే ఏం కనపడుతుందండీ?"

"చీకటి."

"తర్వాత?"

"మెమో వస్తుంది. ఎవరు పాడుచేశారు, ఎందుకు పాడుచేశారు అని. సోమవారం దాకా అన్నీ బాగున్నాయని పెద్దాయన రాసిచ్చాడు. సంతకాలు మీవాడివి."

ఆవిడ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. నాకేం, నాకు కాగితం వచ్చింది, అనుకున్నాడు. గట్టిగా కళ్ళు మూసుకుని పదిసార్లు అనుకున్నాడు. పదకొండోసారికి తలుపు చప్పుడైంది.

గుమ్మంలో బావమరిది. ముఖం పాలిపోయి ఉంది. పొద్దుటి నవ్వు జాడ లేదు.

"బావా, ఊరికే ఒకసారి చూద్దామని కన్ను పెట్టాను. ఉల్లిపొర స్లైడు కూడా పెట్టాను. దేంట్లోనూ ఏమీ కనపడట్లేదు."

"నువ్వు స్టోర్‌కి వచ్చి ఎన్నేళ్ళయింది?"

"పదకొండు."

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదా?"

"నంబర్లు బయటే ఉంటాయి కదా బావా," అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

వాణ్ణి తిట్టడానికి మాస్టారు నోరు తెరిచాడు. తన చేత్తో ముప్పైకి పైగా ఏళ్ళు రాసిన వాక్యం అడ్డొచ్చింది. వీడు నంబర్లను నమ్మాడు, ఆఫీసు నా రాతను నమ్మింది, కళ్ళు పెట్టి చూసినవాడు ఎవడు? భార్య చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. ఆయన లేచి గుండీలు పెట్టుకున్నాడు.

రెండింటికి కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టి, అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకండి సార్. పదిన్నర నుంచి మీరు బయటివారు. బయటివారిని పుస్తకంలో రాయకుండా పంపొద్దన్నారు. ఎవరిని కలవాలి?"

"ఇరవై నలుగురిని."

"ఎలా ఉన్నారు వాళ్ళు?"

"ఒక్కరికీ బాగాలేదు."

వాచ్‌మన్ జాలిగా తలాడించి, వచ్చిన పని అన్న గడిలో "పరామర్శ" అని రాసుకుని గేటు తీశాడు.